స్కిమ్మరు నంబరు ఒకటికి తాఖీదు

మా ఊరి పేరు చెప్పను. మా శాఖ పేరు అసలే చెప్పను. చెబితే, ఎందుకు చెప్పావో ఏడు రోజుల్లోగా వివరణ ఇవ్వమంటారు. ఇప్పటికే పదకొండు వివరణలు రాసిచ్చాను. పన్నెండోది రాద్దామని కూర్చుంటే ఇదంతా గుర్తొచ్చి కలం పక్కన పెట్టాను. సముద్రం ఒడ్డున ప్రభుత్వం వారి చేపల ప్రదర్శనశాల ఒకటుందనీ, అందులో తొట్టెలు చూసుకునే మనిషిని నేననీ, నా పేరు గరికిన దేముడమ్మనీ తెలిస్తే మీకు చాలు.

ఒకటో నంబరు తొట్టె నాది. నిమ్మకాయ ఉండేది అందులోనే. నిమ్మకాయంటే పగడం. తొమ్మిదేళ్ళ కిందట ఎవడో ప్రబుద్ధుడు దాన్ని తడిగుడ్డలో చుట్టి, సూట్‌కేసులో పెట్టి దేశం దాటించబోతే ఓడరేవులో పట్టుకున్నారు. పట్టుకున్నాక ఏం చెయ్యాలో తెలీక మా దగ్గరికి పంపారు. అప్పుడది నిమ్మకాయంతే ఉండేది. బతకదన్నారందరూ. ఇప్పుడు అన్నం తినే కంచమంతైంది. ఒళ్ళంతా మెలికలు మెలికలుగా, లేత చింతచిగురు రంగులో ఉంటుంది. పగడమంటే రాయి కాదు, మొక్కా కాదు, ప్రాణి. సాయంత్రం నాలుగింటికి లైట్లు తగ్గించగానే మెలికల్లోంచి సన్నటి వేళ్ళు బయటపెట్టి తిండికోసం చూస్తుంది. నాకు ఇద్దరు కొడుకులున్నారు, అంత టంచనుగా ఒక్కడూ ఏనాడూ అన్నానికి రాలేదు.

ఈ నిమ్మకాయకి నీళ్ళు శుభ్రంగా ఉండాలి. కాస్త మురికైతే చాలు, ముడుచుకుపోతుంది. అందుకే తొట్టె వెనకాల స్కిమ్మరని ఒక మిషనుంటుంది. పప్పు ఉడికేటప్పుడు పైకి నురగొస్తుంది చూడండి, దాన్ని గరిటెతో తీసి పారేస్తాం కదా, అదే పని. నిలువు గొట్టంలోకి ఉప్పునీళ్ళొస్తాయి, కింద నుంచి గాలి బుడగలొస్తాయి, నీళ్ళలో ఉన్న మురికి ఆ బుడగల్ని పట్టుకుని నురగై పైకెక్కి, మీదున్న గిన్నెలో పడుతుంది. రోజూ పొద్దున్నే ఆ గిన్నె కడుక్కోవడం నా పని.

మిషను బాగా పనిచేస్తోందో లేదో చూడ్డానికి మాకో పద్ధతుంది. గిన్నె చూడం, నిమ్మకాయని చూస్తాం. అది ఒళ్ళు విరుచుకుని పొంగినట్టుంటే మిషను బాగున్నట్టు. మా పాత సూపరింటెండెంటు గారు నేర్పిన పద్ధతది. ఆయన రిటైరయ్యారు, పద్ధతి కూడా ఆయనతోనే రిటైరైంది.

ఎందుకంటే మా డెప్యూటీ డైరెక్టరు వైకుంఠరావు గారు మూడు రోజులు పెద్ద హోటల్లో శిక్షణకి వెళ్ళొచ్చారు. అక్కడేం పెట్టారో తెలీదు గానీ వచ్చినప్పట్నుంచీ ఆయన నోట ఒకటే మాట, ఫలిత ఆధారిత పనితీరు మదింపు. కొలవలేని పని పని కాదన్నారు. మొదటి వారంలోనే మా వాచ్‌మన్‌కి తాఖీదిచ్చారు, ఏడాది మొత్తంలో ఒక్క దొంగని కూడా పట్టుకోలేదని. మంటలార్పే ఎర్ర బకెట్లకి కూడా ఇచ్చేవారే, మంట రాకపోవడంలో బకెట్ల తప్పెంతో తేలక ఆ ఫైలు ఇంకా నడుస్తోంది.

రెండో వారం స్కిమ్మర్ల వంతొచ్చింది. వైకుంఠరావు గారు, రాజధాని నుంచి వచ్చిన మదింపు అధికారి మందాకిని మేడమ్, ఇద్దరూ ఒక ఫారం పట్టుకుని నా తొట్టె వెనక్కొచ్చారు. తొట్టె ముందుకి రాలేదు, నిమ్మకాయ వైపు కన్నెత్తైనా చూడలేదు. వైకుంఠరావు గారు గిన్నెలోకి తొంగిచూసి, అడుగున రెండు వేళ్ళ మందాన ఉన్న నీళ్ళని చూసి మొహం అదోలా పెట్టారు.

"ఇదేమిటి దేముడమ్మా, లేత టీలా ఉంది. ఇంతేనా?"

"నీళ్ళు శుభ్రంగా ఉన్నాయండి బాబూ. ఉన్న మురికే కదండీ వస్తాది."

మేడమ్ ఫారమంతా పై నుంచి కిందికి వేలు పెట్టి వెతికారు. చాలా శ్రద్ధగా వెతికారు పాపం. "శుభ్రత అనే గడి ఇందులో లేదు" అన్నారు. "మురికి అనే గడి ఒక్కటే ఉంది."

తర్వాత రెండో నంబరు తొట్టెకెళ్ళారు. అది బంగార్నాయుడు గారిది. నాయుడుగారు మంచివారు, ఇంకో ఏడాదిలో రిటైరవుతారు, ఎవర్నీ ఒక్క మాటనరు. చేపలంటే ఇష్టం లేదంతే. వేసవిలో ఆయన నెల రోజులు సెలవు పెట్టినప్పుడు ఆ తొట్టెలో చేపలన్నీ పోయాయి, తీసి పారేసే పని ఎవరిదో ఫైల్లో తేలలేదు. ఇప్పుడందులో ప్రాణంతో ఉన్నది గవ్వలో దూరి ఉండే ఒక సన్యాసి పీత మాత్రమే. కానీ ఆ స్కిమ్మరు గిన్నె చూడాలి మీరు. అంచుదాకా తారులాంటి నల్లటి ద్రవం. అధికారులిద్దరూ ముక్కులు మూసుకున్నారు, మూసుకునే మెచ్చుకున్నారు. ఇదీ పని చెయ్యడమంటే, అని వైకుంఠరావు గారు ఆ గొట్టాన్ని భుజం తట్టినట్టు తట్టారు. నాయుడుగారు వినయంగా తల దించుకుని, ఏదో నా చేతనైంది సార్, అన్నారు.

మర్నాడు తాఖీదొచ్చింది. నాక్కాదు, మిషనుకి. చిరునామా దగ్గర స్కిమ్మరు నంబరు ఒకటి అనుంది. సదరు స్కిమ్మరు తనకు నిరంతరాయముగా విద్యుత్తు సమకూర్చబడుచున్నప్పటికీ, దినమునకు కేవలము రెండు వేళ్ళ మందమున లేత టీ వంటి ద్రవమును మాత్రమే ఉత్పత్తి చేయుచు, తోటి స్కిమ్మరు నంబరు రెండు యొక్క స్ఫూర్తిని అందిపుచ్చుకొనుటలో విఫలమైనదనీ, తనపై ఎందుకు చర్య తీసుకొనరాదో ఏడు దినములలోగా తెలుపవలెననీ రాశారు. నిబంధన ప్రకారం దాన్ని గొట్టానికి అంటించారు. తీసుకున్నట్టు మిషను సంతకం పెట్టలేదు కాబట్టి నన్ను పెట్టమన్నారు.

వివరణ కూడా నేనే రాశాను. అయ్యా, తొట్టెలో మురికి ఉన్నంత మేరకు తీయుచున్నాను, లేనిది తీయుట నాకు చేతకాదు, ఇట్లు స్కిమ్మరు నంబరు ఒకటి, తరఫున గరికిన దేముడమ్మ. రెండ్రోజుల్లో జవాబొచ్చింది. మీ వివరణ అహంకారపూరితముగా ఉన్నది, అన్నారు. మిషనుకి అహంకారమేటో నాకర్థం కాలేదు గానీ, దాని కింద ఉన్న రెండో పేరా చదివాక నవ్వు ఆగిపోయింది.

ఇకమీదట ప్రతి స్కిమ్మరూ రోజుకో లీటరు మురికి తియ్యాలట. వరసగా మూడు నెలలు లక్ష్యం తప్పిన తొట్టెని మూసేసి, అందులోని జీవాల్ని బాగా పనిచేస్తున్న తొట్టెలో విలీనం చేస్తారట. అంటే నా నిమ్మకాయని తీసుకెళ్ళి నాయుడుగారి తారులో ముంచుతారన్నమాట. అందులో అది ఒక్క పూట కూడా బతకదు. ఆ సాయంత్రం నాలుగింటికి అది మామూలుగానే వేళ్ళు బయటపెట్టి తిండడిగింది, దానికి తాఖీదుల సంగతి తెలీదు కదా.

మొదటి నెల ఉత్త కొలతే చూశారు. కొలత పెంచడానికి నాయుడుగారికి ఆలోచన రానక్కర్లేదు, అలసట చాలు. ఓ రోజు గొట్టం కింద నీళ్ళ మర సరిగ్గా బిగించకుండా ఇంటికెళ్ళిపోయారు. లోపల మట్టం పెరిగి, ఉత్త ఉప్పునీళ్ళే పొర్లి గిన్నెలోంచి బకెట్లోకి, బకెట్లోంచి నేల మీదికి పారాయి. పొద్దున కొలిస్తే పంతొమ్మిది లీటర్లు. వైకుంఠరావు గారు ఆ అంకెని కార్యాలయం గుమ్మం మీద రంగులతో రాయించారు. అయితే మేడమ్ తెలివైన మనిషి. ద్రవము తెల్లగా ఉన్నది గావున రంగును కూడా పరిగణించవలెను, అని నోటు పెట్టారు.

దాంతో రంగుల సంఘం వచ్చింది. పెయింట్ల కొట్లో ఇచ్చే రంగుల అట్ట తెచ్చి, మీద కొత్త పేర్లు అంటించారు. అడుగున లేత టీ, అది అసంతృప్తికరము. ఆపైన డికాక్షను, బెల్లప్పాకం, అన్నిటికన్నా పైన తారు, అది ఆదర్శప్రాయము. ముగ్గురు సభ్యులు రోజూ పదిన్నరకి వచ్చి, గిన్నె పక్కన అట్ట పెట్టి, కళ్ళు చికిలించి, పెళ్ళిచీరకి జాకెట్టు ముక్క కుదిర్చినట్టు అటూ ఇటూ తిప్పి చూసేవారు. ఓ సభ్యుడు బెల్లప్పాకమంటే, ఇంకో సభ్యుడు కాదు డికాక్షనే అంటూ అసమ్మతి నోటు రాసేవాడు. ఆ గొడవ తేలక వాసన ఉపసంఘమని మరోటి వేశారు. అందులోకి జలుబున్నవాళ్ళని తీసుకోకూడదని నియమం పెట్టారు. జలుబు లేదని డాక్టరు సర్టిఫికెట్టు తెచ్చుకోవాలి.

మొదటి నెల నా మిషను తప్పింది. రెండో నెల మొదట్లో వైకుంఠరావు గారు నన్ను పిలిచి, తండ్రిలాగా మాట్లాడారు. తప్పు మిషనుది కాదట, ముడిసరుకుదట. మురికి లేకపోతే మిషను మాత్రం ఏం చేస్తుంది పాపం, అన్నారు. నేను మొదట్నుంచీ చెప్పిందదే కదా అని ఒక్క క్షణం సంబరపడ్డాను. ఆయన మాట ఇంకా అవలేదు. "కాబట్టి" అన్నారు, "మురికి సరఫరా పెంచుదాం."

మురికి ఉత్పత్తి పక్షోత్సవాలు అలా మొదలయ్యాయి. గేటుకి బ్యానరు కట్టారు. నాలుగు స్కూళ్ళ పిల్లల్ని బస్సుల్లో తెచ్చి, పది నుంచి నాలుగు దాకా వరసలో నిలబెట్టి తొట్టెలో మేత వేయించారు. మురికి మనందరి బాధ్యత అనే అంశం మీద వ్యాసరచన పోటీ కూడా పెట్టారు. నా తొట్టెలో చేపలు మొదటి రోజు ఆనందంగా తిన్నాయి, మూడో రోజు మొహమాటానికి తిన్నాయి, ఐదో రోజు మేత కనిపిస్తే రాయి వెనక్కి పారిపోయాయి. ఓ చారల చేప ఎంత లావైందంటే, రోజూ దూరే బొరియలో ఇరుక్కుపోతే నేనే వెనక నుంచి తోసి బయటికి తీశాను. నీళ్ళు మసకబారాయి. గాజు మీద ఆకుపచ్చ నాచు పట్టింది. గిన్నెలో మురికి పెరిగింది, డికాక్షను దాకా వచ్చింది, సంఘం వారు నా వైపు చూసి మొదటిసారి నవ్వారు.

నిమ్మకాయ ముడుచుకుపోయింది. ఆరో రోజు సాయంత్రం నాలుగైంది, నాలుగున్నరైంది, ఒక్క వేలు కూడా బయటికి రాలేదు. అంచున కండ వెనక్కి పోయి, తెల్లటి ఎముకలాంటిది గోరంత బయటపడింది. తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ దాన్నలా చూడలేదు. నాకేడుపొచ్చింది. అక్కడే స్టూలు మీద కూర్చుని ఏడ్చేశాను, వ్యాసరచనలో మొదటి బహుమతి వచ్చిన పిల్ల నన్ను చూసి, ఆంటీ మీకు బహుమతి రాలేదా, అంది.

అప్పుడు నిర్ణయానికొచ్చాను. తొట్టెలో మురికి వెయ్యను. గిన్నెలో కావలసింది నల్లటి నీళ్ళే కదా, గిన్నెలోనే పోస్తాను.

మా గౌరమ్మ వదినది బీచి రోడ్డులో టీ కొట్టు. మా ఆయనకి అక్క. పొద్దున్నే ఆరింటికి వెళ్ళి, వదినా ఓ లీటరు డికాక్షను గావాల, బాగా మరిగించి చిక్కగా పెట్టు, అన్నాను. ఎవరికే ఇంత, అంది. మిషనుకి, అన్నాను. ఆవిడ నన్ను కింద నుంచి మీదకి చూసి, ప్రభుత్వంలో మిషన్లకి కూడా టీలిస్తారన్నమాట, అని పోసిచ్చింది. నేను అసలు గిన్నె కడిగేసి, డికాక్షను అందులో పోశాను. మేత మళ్ళీ పాత లెక్కకి తెచ్చాను, పిల్లలు వేసిందాన్ని వల పెట్టి వెంటనే తీసేశాను, మూడ్రోజుల పాటు బిందెలతో నీళ్ళు మార్చాను.

రంగుల సంఘం తెగ మెచ్చుకుంది. వాసన ఉపసంఘం మాత్రం పెదవి విరిచింది. రంగున్నది గానీ కృషి తాలూకు వాసన లేదు, అని రాశారు. వాసనేగా కావలసింది. మర్నాటి నుంచి గుప్పెడు ఎండు నెత్తళ్ళ చేపలు రాత్రే నానబెట్టి, ఆ నీళ్ళు డికాక్షన్లో కలిపాను, కాస్త ఉప్పు కూడా వేశాను. ఉపసంఘం అధ్యక్షుల వారు గిన్నె మీదికి వంగి, ఒక్కసారి పీల్చి, రెండడుగులు వెనక్కేసి, గోడ పట్టుకుని నిలబడ్డారు. పదికి పది మార్కులు వేశారు.

ఆ నెలా మూడో నెలా నా మిషనుదే ప్రథమ స్థానం. నాయుడుగారి గిన్నెలో చేపల అవశేషాలు అయిపోయి రంగు దిగిపోతోంది. వైకుంఠరావు గారు సభ పెట్టి నా స్కిమ్మరు గొట్టానికి శాలువా కప్పారు, పూలదండ వేశారు. దండలోంచి ఓ చామంతి రెక్క గాలి గొట్టంలోకి పోయి మిషను దగ్గింది, చప్పట్లు కొట్టారు. పేపర్లో ఫొటో వచ్చింది. రాష్ట్రస్థాయి ఉత్తమ స్కిమ్మరు అవార్డుకి పేరు పైకి వెళ్ళింది. నిమ్మకాయ మళ్ళీ నాలుగింటికి వేళ్ళు బయటపెట్టింది, అంచున కండ ముందుకొచ్చింది. అబ్బ, ఆ వారమంతా నేను నేల మీద నడిస్తే ఒట్టు.

రాష్ట్రస్థాయి అనేసరికి గిన్నెలో ద్రవాన్ని ప్రయోగశాలకి పంపాలన్న రూలొకటి బయటికొచ్చింది. మేడమ్ సీసాలో పట్టుకుని, సీలు వేసి తీసుకెళ్ళిపోయారు. నేను చూస్తూ నిలబడ్డాను.

పది రోజులకి విచారణకి రమ్మన్నారు. బల్ల అవతల వైకుంఠరావు గారు, మేడమ్. బల్ల మీద ప్రయోగశాల కాగితం. మేడమ్ దాన్ని చదివారు. తేయాకు సారము, ఉన్నది. ఉప్పు, ఉన్నది. ఎండు నెత్తళ్ళ ఆనవాళ్ళు, ఉన్నవి. మలినములు, లేవు.

మార్కులు కొట్టేస్తే నా మిషను మూడు నెలలూ తప్పినట్టు, సోమవారం నాటికి నిమ్మకాయ రెండో తొట్టెలో ఉంటుంది. దాచి లాభం లేదనిపించింది. నిజం చెబితే నీళ్ళు శుభ్రంగా ఉన్నాయన్న సంగతైనా వీళ్ళ తలకెక్కుతుందేమోనని ఓ మూల ఆశ కూడా ఉంది.

"బాబూ, అది టీయేనండి. మా గౌరమ్మ వదిన కొట్లోది. నేనే పోశానండి. తొట్టెలో మురికి లేదండి. మురికి చేస్తే నిమ్మకాయ చచ్చిపోతాదండి. నన్నేటి చేసినా సరే గానీ దాన్ని ఆ తారులోకి పంపకండి."

మేడమ్ మళ్ళీ ఫారం తీసి, పై నుంచి కిందికి వేలు పెట్టి వెతికారు. "ఒప్పుకోలు అనే గడి కూడా లేదు, సార్."

వైకుంఠరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. నాకాయన కష్టం అర్థమైంది. శాలువా కప్పింది ఆయనే, ఫొటోలో ఉన్నది ఆయనే, పైకి వెళ్ళిన ఫైలు మీద సంతకమూ ఆయనదే. అవార్డు పొందిన మురికి మురికి కాదంటే పైవాళ్ళు మొదట అడిగేది ఆయన్నే. అద్దాలు తళతళలాడాక పెట్టుకుని, గొంతు సవరించుకున్నారు.

ఆయన చెప్పింది యథాతథంగా చెప్పలేను, అంత భాష నాకు రాదు. సారాంశం ఏటంటే, ప్రయోగశాల నివేదికలో ఉప్పున్నది, కాబట్టి ద్రవం సముద్రపు నీటిలోంచే వచ్చింది. చేపల ఆనవాళ్ళున్నాయి, కాబట్టి చేపల తొట్టెలోంచే వచ్చింది. గిన్నెలో దొరికింది, కాబట్టి మిషనులోంచే వచ్చింది. ఇక మిగిలింది తేయాకు. మూడు విషయాల్లో నిజాయితీగా ఉన్న మిషను నాలుగో విషయంలో ఎందుకు మోసం చేస్తుందని అడిగారు. కాబట్టి, తగు ప్రోత్సాహమూ నాయకత్వమూ లభించినచో స్కిమ్మరు సముద్ర జలము నుండి టీని వేరు చేయగలదని ఇందుమూలముగా రుజువైనది.

నేను నోరు తెరిచాను. "కిందిస్థాయి సిబ్బంది వినయంతో ఘనతను నిరాకరించుచున్నారు" అని మేడమ్ రాసుకున్నారు.

తర్వాత జరిగిందంతా చకచకా జరిగిపోయింది. సముద్రపు టీ అనే మాట కార్యాలయమంతా పాకిపోయింది. ఈమధ్య ఆఫీసర్లెవరూ పాలు పోసిన టీ తాగట్లేదు కదా, ఒంటికి మంచిదని గంజిరంగు నీళ్ళూ ఆకురసాలూ తాగుతున్నారు. సముద్రంలో సమస్త ఖనిజాలూ ఉంటాయి, అవన్నీ ఈ టీలో ఉంటాయి, బీపీకి దివ్యౌషధమట, అని ఎవరో అన్నారు. రోజూ పదకొండింటికి గిన్నెని గిన్నెగానే కార్యాలయంలోకి తేవాలనీ, కళ్ళెదుటే గ్లాసుల్లో పొయ్యాలనీ ఆదేశం వచ్చింది. రంగుల సంఘాన్ని రద్దు చేసి రుచుల సంఘం వేశారు. నేను నెత్తళ్ళ నీళ్ళు మానేశాను. ఉప్పు మాత్రం చిటికెడు ఉంచాను, నమ్మకం ఉండాలి కదా.

ఇదంతా నాకు పిచ్చిగా ఉండేది గానీ, ఆ వారం చివర వచ్చిన ఆదేశం చదివాక స్టూలు మీద కూర్చుని, ఈసారి నవ్వలేక ఏడ్చాను. స్కిమ్మరు నంబరు ఒకటి యొక్క ఉత్పత్తిని గౌరవనీయ అధికారులు సేవించుచున్నందున, ఒకటో నంబరు తొట్టెలోని నీటిని అత్యంత పరిశుభ్రముగా ఉంచవలెను. మేత మితముగా వేయవలెను. సందర్శకులెవరూ అందులో ఏమియు వేయరాదు. నీటిలో లవలేశమైనను మురికి కానవచ్చినచో సంబంధిత సిబ్బందిపై కఠిన చర్య తీసుకొనబడును. మూడు నెలలు కాళ్ళావేళ్ళా పడి చెప్పినా ఎక్కని మాట, పదకొండింటి టీ కోసం తలకెక్కింది. ఫారంలో శుభ్రత అనే గడి కూడా కొత్తగా గీశారు.

రెండో తొట్టె ఖాళీ చేసేశారు. విలీనం అటు నుంచి ఇటు జరిగింది. సన్యాసి పీతొచ్చి నిమ్మకాయ పక్కన రాతిలో కాపురం పెట్టింది, మొదటి రెండు రోజులు నీళ్ళు ఇంత తేటగా ఉంటాయని నమ్మలేక గవ్వలోంచి బయటికే రాలేదు. నాయుడుగారు నాకు సహాయకుడయ్యారు, అంటే నా స్టూలు పక్కన ఇంకో స్టూలొచ్చింది.

ఇక ఈ పన్నెండో వివరణ సంగతి. ఈ నెల పద్నాలుగో తారీకున మా చెల్లెలి కూతురు పెళ్ళని ఒక్క రోజు సెలవు పెట్టాను. డికాక్షను సంగతి నాయుడుగారికి చెప్పలేదు. చెప్పాల్సింది, పెళ్ళి హడావుడిలో మర్చిపోయాను. ఆయన పదకొండింటికి లేచి, మిషను మీదున్న గిన్నెని ఉన్నదున్నట్టు పట్టుకెళ్ళి, నలుగురు అధికారుల గ్లాసుల్లో సమానంగా పోసి, మళ్ళీ వచ్చి కూర్చున్నారు.

నేను తిరిగొచ్చేసరికి గొట్టానికి తాఖీదు అంటించి ఉంది. పద్నాలుగవ తేదీన సరఫరా చేయబడిన టీ రంగున పలుచగాను, రుచిన ఉప్పగాను, ఒక విధమైన నీచు కలిగియు ఉన్నదనీ, పరిమాణము కూడా గ్లాసునకు ఒక గుటకకు మించలేదనీ రాశారు. అయినను ఆరోగ్యరీత్యా డెప్యూటీ డైరెక్టరు గారు మేడమ్ గారి వాటా కూడా తామే సేవించియున్నారట. సదరు దినమున పనితీరు ఇంతగా దిగజారుటకు కారణమేమో ఏడు దినములలోగా తెలుపవలెనట.

ఇవాళ ఏడో రోజు. నాలుగైంది. లైట్లు తగ్గించాను, నిమ్మకాయ వేళ్ళన్నీ బయటపెట్టి ఒళ్ళు విరుచుకుంది, నాయుడుగారు గాజుకి మొహం ఆనించి పీతని చూస్తున్నారు. కలం మళ్ళీ తీశాను. పదకొండు సార్లు రాసినవాటిలో అబద్ధముందో నిజముందో నాకే గుర్తులేదు గానీ, ఈ పన్నెండోది మాత్రం ఉన్నదున్నట్టు రాశాను, చదివి నాయుడుగారికి వినిపించాను కూడా.

అయ్యా, సదరు దినమున నేను సెలవులో ఉంటిని. ఆ రోజు తమరు తాగినది పూర్తిగా మిషను సొంతంగా చేసిన పని.